ఫార్ములా కరెక్టే, మార్కు ఎందుకు పోయింది?

ప్రశ్న: పరకాల వైపు పల్లె నుంచి వచ్చి, హన్మకొండలో హాస్టల్లో ఉంటూ బీఎస్సీ ఎంపీసీ చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు ఉంది, కుదించి ఇస్తున్నాం. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఫిజిక్స్ అంటే ఇష్టం. డిగ్రీలో థర్మోడైనమిక్స్ పేపర్ మాత్రం నాలుగు మార్కుల తేడాతో పోయింది. "ఫార్ములాలన్నీ నోటికొస్తయి సార్, లెక్క ముందర పెడితే ఏది వాడాల్నో సమజైతలేదు" అంటోంది.

పరీక్షలో తను చేసిన లెక్క ఒకటి పూర్తిగా రాసి పంపింది. ఉష్ణం లోపలికీ బయటికీ పోని పాత్ర, మధ్యలో అడ్డుగోడ. ఒక పక్క 300 కెల్విన్ల దగ్గర ఒక మోల్ ద్విపరమాణుక ఆదర్శ వాయువు, రెండో పక్క అంతే జాగాలో శూన్యం. అడ్డు తీసేస్తే వాయువు పాత్రంతా నిండుతుంది. చివరి ఉష్ణోగ్రత ఎంత, ఎంట్రోపీ (శక్తి ఎంతగా చెదిరిపోయిందో చెప్పే కొలత) మార్పు ఎంత? ఉష్ణం మారలేదు కాబట్టి ఎడియాబాటిక్ అనుకుని, గామా (వాయువు రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి) 1.4 వేసి, 227 కెల్విన్లు అని రాసింది. ఉష్ణం సున్నా కాబట్టి ఎంట్రోపీ మార్పూ సున్నా అంది. రెండింటికీ సున్నాయే వచ్చింది.

ఇంకా మూడు చిక్కులు రాసింది. ఫిజిక్స్ సార్ మొదటి నియమంలో (ఉష్ణం, పని, అంతర్గత శక్తుల లెక్క చెప్పేది) పని ముందు మైనస్ పెడతారు, కెమిస్ట్రీ మేడమ్ ప్లస్ పెడతారు. భూపాలపల్లి దగ్గర చెల్పూరు థర్మల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పని చేసే మేనమామ "బొగ్గు వేడిల సగానికెక్కువ ఉత్తగనే పోతది" అన్నాడు, ఉష్ణంతో నడిచే యంత్రానికి గరిష్ఠ సామర్థ్యం చెప్పే కార్నో సూత్రంలో తను అంకెలు వేస్తే 92 శాతం సామర్థ్యం వచ్చింది. హాస్టల్లో తోటి అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు తెలియలేదు: కుండలో నీళ్లు ఎవరూ పని చేయకుండానే బయటి గాలికన్నా చల్లబడతాయి కదా, మరి ఉష్ణం చల్లటి దాని నుంచి వేడి దానికి దానంతటది పోదనే రెండో నియమం తప్పా?

సప్లిమెంటరీకి నలభై రోజులే ఉన్నాయి, అదే సమయంలో రెగ్యులర్ పేపర్లూ ఉన్నాయి. రీవాల్యుయేషన్ పెట్టాలా, ఇప్పుడే రాయాలా, వచ్చేసారికి ఆపాలా అని అడుగుతోంది. "ఈ ఫిజిక్స్ ఇడిసిపెట్టు, బీఈడీ చేసి మ్యాథ్స్ టీచర్‌వు కా" అని అన్న అంటున్నాడు. ఫెయిలైన సంగతి బాపుకు ఇంకా చెప్పలేదు.

జవాబు: ముందు ఆ సున్నా వచ్చిన లెక్క సంగతి చూద్దాం. మిగతా చిక్కులు కూడా దాంతో పాటే విడిపోతాయి.

నువ్వు రాసిన ఫార్ములా తప్పు కాదు. గుణకార భాగహారాలూ తప్పు కాదు. రెట్టింపు ఘనపరిమాణానికి 2 టు ది పవర్ 0.4 అంటే 1.32. దాంతో 300ని భాగిస్తే 227 కెల్విన్లే వస్తాయి. అయితే ఆ జవాబు రాశాక ఇంకొక్క అడుగు వేసి చూడాల్సింది. 300 నుంచి 227కి దిగితే వాయువు ఎంత శక్తి పోగొట్టుకున్నట్టు? ద్విపరమాణుక వాయువుకు స్థిర ఘనపరిమాణం దగ్గర మోలార్ విశిష్టోష్ణం రెండున్నర ఆర్, అంటే డిగ్రీకి 20.8 జౌళ్లు. 73 డిగ్రీలకు దాదాపు 1500 జౌళ్లు. ఇవి ఎటు పోయాయి? గోడల గుండా ఉష్ణం పోదని ప్రశ్నలోనే ఉంది. నెట్టడానికి పిస్టన్ లేదు. ఎదురుగా ఉన్నది శూన్యం, శూన్యంలోకి వ్యాపించడానికి వాయువు పని చేయక్కర్లేదు. పోయే దారే లేనప్పుడు శక్తి ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆదర్శ వాయువుకు అంతర్గత శక్తి ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది కాబట్టి చివరి ఉష్ణోగ్రత కూడా 300 కెల్విన్లే.

మరి ఫార్ములా ఎందుకు మోసం చేసింది? ఎడియాబాటిక్ అంటే ఉష్ణం మార్పిడి లేదని మాత్రమే అర్థం. ఉష్ణోగ్రతనూ ఘనపరిమాణపు గామా మైనస్ ఒకటో ఘాతాన్నీ కలిపే సమీకరణానికి ఇంకో షరతు కూడా కావాలి. వాయువు మెల్లగా, అడుగడుగునా సమతాస్థితిలో ఉంటూ, పిస్టన్‌ని నెడుతూ వ్యాకోచించాలి. క్లాసులో ఆ సమీకరణాన్ని రాబట్టేటప్పుడు పని స్థానంలో పీడనం ఇంటూ ఘనపరిమాణంలో చిన్న మార్పు అని రాసిన లైన్ ఒకటి ఉంటుంది, నోట్స్ తీసి చూడు. ఆ లైన్ రాసిన క్షణమే ఈ షరతు ఒప్పుకున్నట్టు. అడ్డు తీసేసిన పాత్రలో వాయువు దూసుకుపోతున్నప్పుడు దానికి 'ఒక పీడనం' అంటూ ఏదీ ఉండదు. ఒక మూల ఒకటి, ఇంకో మూల ఇంకొకటి ఉంటుంది. ఆ లైనే అక్కడ చెల్లదు, కాబట్టి దాని నుంచి వచ్చిన ఫార్ములా కూడా చెల్లదు.

అదే ఫార్ములా ట్రాక్టర్ ఇంజన్‌లో చక్కగా పనికొస్తుంది. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని సుమారు పదహారో వంతుకు నొక్కితే 300 కెల్విన్ల గాలి 909 కెల్విన్లకు, అంటే 636 డిగ్రీలకు చేరుతుందని లెక్క చెబుతుంది. నిజం ఇంజన్‌లో సిలిండర్ గోడలు కొంత లాగేసుకుంటాయి కాబట్టి అంత రాదు, అయినా డీజిల్ దానంతటదే అంటుకోవడానికి కావలసినంత కన్నా చాలా ఎక్కువే ఉంటుంది. పిస్టన్ అంత వడిగా కదులుతుంటే 'మెల్లగా' అనే షరతు ఏమైనట్టు అని నువ్వు అడగొచ్చు. పిస్టన్ సగటు వేగం సెకనుకు పది మీటర్ల లోపు, వాయువులో పీడనం సర్దుకునేది ధ్వని వేగంతో, అంటే సెకనుకు 340 మీటర్ల పైనే. వాయువు దృష్టిలో పిస్టన్ నత్తనడక నడుస్తోంది, ఉష్ణం జారిపోవడానికి మాత్రం టైం చాలదు. రెండు షరతులూ ఒకేసారి తీరుతున్నాయి.

ఇక ఎంట్రోపీ. ఉష్ణాన్ని ఉష్ణోగ్రతతో భాగిస్తే ఎంట్రోపీ మార్పు వస్తుంది అన్నది సగం వాక్యం. ఆ ఉష్ణం రివర్సిబుల్ ప్రక్రియలో ఇచ్చినదై ఉండాలి అన్నది మిగతా సగం. నీ పాత్రలో జరిగింది రివర్సిబుల్ కాదు, వాయువు తనంతట తాను మళ్లీ సగం జాగాలోకి ముడుచుకోదు. అలాంటప్పుడు చేయాల్సిన పని ఒక్కటే: నిజంగా జరిగిన ప్రక్రియను పక్కన పెట్టి, అదే మొదలు నుంచి అదే చివరికి తీసుకెళ్లే రివర్సిబుల్ దారి ఒకటి ఊహించుకోవడం. ఇక్కడ మొదట, చివర ఉష్ణోగ్రత 300. కాబట్టి 300 దగ్గర ఐసోథర్మల్‌గా, అంటే ఉష్ణోగ్రత మారకుండా, పిస్టన్‌ని మెల్లగా వదులుతూ రెట్టింపు చేశామనుకో. అప్పుడు ఇవ్వాల్సిన ఉష్ణం ఆర్ ఇంటూ 300 ఇంటూ 2 యొక్క నేచురల్ లాగ్: 8.314 × 300 × 0.693 = 1729 జౌళ్లు. 300తో భాగిస్తే కెల్విన్‌కు 5.76 జౌళ్లు. ఎంట్రోపీ స్థితిని బట్టి ఉంటుంది, దారిని బట్టి కాదు. అందుకే ఊహించిన దారిలో వచ్చిన అంకె అసలు ప్రక్రియకూ సరిపోతుంది. లాగ్ టేబుల్ వాడుతుంటే 2.303తో గుణించడం మరిచిపోకు. మరిస్తే 2.50 వస్తుంది, చూడ్డానికి సబబుగానే ఉంటుంది కాబట్టి తప్పు పట్టుకోలేవు.

స్థితి, దారి అనే తేడా ఒక్కసారి అంకెలతో చేసి చూస్తే మళ్లీ మరిచిపోవు. నీ దగ్గర ఒక లీటర్ ఆదర్శ వాయువు, రెండు లక్షల పాస్కళ్ల పీడనంలో ఉంది. దాన్ని రెండు లీటర్లకు, ఒక లక్ష పాస్కళ్లకు తేవాలి. పీడనం, ఘనపరిమాణాల లబ్ధం రెండు చోట్లా 200 జౌళ్లే, కాబట్టి ఉష్ణోగ్రత సమానం, అంతర్గత శక్తి మార్పు సున్నా. ఇప్పుడు మొదట పీడనం మారకుండా రెండు లీటర్లకు పెంచి, తర్వాత ఘనపరిమాణం కదలకుండా చల్లబరిస్తే వాయువు చేసిన పని 200 జౌళ్లు. వరుస తిరగేసి, ముందు చల్లబరిచి తర్వాత పెంచితే 100 జౌళ్లే. ఐసోథర్మల్‌గా పోతే 139. మొదలు, చివర ఒకటే అయినా పని మూడు రకాలు. మొదటి నియమం ప్రకారం ఇచ్చిన ఉష్ణం కూడా అదే వరుసలో 200, 100, 139. అందుకే 'వాయువులో ఇంత ఉష్ణం ఉంది' అని పేపర్‌లో రాయకూడదు. వాయువులో ఉండేది అంతర్గత శక్తి. ఉష్ణం, పని అనేవి దాటేటప్పటి లెక్కలు మాత్రమే. ఈ మూడు దారులనూ పీడనం–ఘనపరిమాణం గ్రాఫ్ మీద గీసి, ఒక్కో గీత కింది వైశాల్యానికి రంగు వెయ్యి. పేజీల కొద్దీ నోట్స్ చదవడం కన్నా ఆ ఒక్క బొమ్మే నయం.

ప్లస్, మైనస్ గొడవ చూడ్డానికి పెద్దదిగా ఉంటుంది గానీ నిజానికి చిన్నదే. ఫిజిక్స్‌లో డబ్ల్యూ అంటే వాయువు చేసిన పని, కాబట్టి డెల్టా యూ = క్యూ − డబ్ల్యూ (డెల్టా యూ అంతర్గత శక్తి మార్పు, క్యూ లోపలికి ఇచ్చిన ఉష్ణం). కెమిస్ట్రీలో డబ్ల్యూ అంటే వాయువు మీద చేసిన పని, కాబట్టి డెల్టా యూ = క్యూ + డబ్ల్యూ. వాయువును నొక్కడానికి మనం 500 జౌళ్లు ఖర్చు పెట్టాం, అది 200 జౌళ్ల ఉష్ణం బయటికి వదిలింది అనుకో. ఫిజిక్స్ పద్ధతిలో −200 − (−500), కెమిస్ట్రీ పద్ధతిలో −200 + 500. రెండింటా 300 జౌళ్ల పెరుగుదలే. ఒకే పద్ధతి పట్టుకుని రెండు పేపర్లలోనూ అదే రాయొచ్చు, కానీ దిద్దేవాళ్లు అలవాటు కొద్దీ చూస్తారు కాబట్టి అది కొంచెం ప్రమాదం. ఏ పేపర్‌కు ఆ పద్ధతి వాడితే ఆ ప్రమాదం ఉండదు, కానీ సగం ఒక పద్ధతి, సగం ఇంకోటి కలిసిపోయే ముప్పు నీకే ఉంటుంది. ఏదైనా సరే, జవాబు మొదటి లైన్‌లో 'ఇక్కడ డబ్ల్యూ అంటే వాయువు చేసిన పని' అనో, 'వాయువు మీద చేసిన పని' అనో రాసి మొదలుపెట్టు. ఆ తర్వాత అయోమయం దిద్దేవాళ్లకూ ఉండదు, నీకూ ఉండదు.

మీ మామ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నీకు 92 శాతం ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు: ఆవిరి 540 డిగ్రీలు, కండెన్సర్ 45 డిగ్రీలు అని తీసుకుని, ఒకటి మైనస్ 45 బై 540 చేసి ఉంటావు. కార్నో సూత్రంలో సెల్సియస్‌కు చోటు లేదు. 273 కలిపితే 813, 318 కెల్విన్లు. ఇప్పుడు సామర్థ్యం 61 శాతం. వరంగల్ ఎండల్లో 27 డిగ్రీలు, 127 డిగ్రీలు అని లెక్కల పుస్తకాలు ఇచ్చే అంకెలు చూస్తే నవ్వొస్తుంది గానీ, అవి ఇచ్చేది 300, 400 అని తేలిగ్గా మారతాయని. అక్కడా సెల్సియస్‌తో చేస్తే 79 శాతం వస్తుంది, అసలు జవాబు 25.

అయితే 61 కూడా ప్లాంట్‌లో రాదు. ఇలాంటి బొగ్గు యూనిట్లలో కరెంటుగా మారేది సుమారు 35 నుంచి 38 శాతం. కార్నో ఇచ్చింది గరిష్ఠ హద్దు. దానికీ షరతులు ఉన్నాయి: ఉష్ణమంతా పై ఉష్ణోగ్రత దగ్గరే లోపలికి రావాలి, ప్రతి అడుగూ రివర్సిబుల్ కావాలి. బాయిలర్‌లోకి వెళ్లే నీరు 540 దగ్గర మొదలవదు, అంతకన్నా చాలా తక్కువ ఉష్ణోగ్రత నుంచి వేడెక్కుతూ పోతుంది. కాబట్టి ఉష్ణం అందుకునే సగటు ఉష్ణోగ్రత 540 కన్నా బాగా కిందే. వెయ్యి డిగ్రీలు దాటిన మంట నుంచి 540 డిగ్రీల ఆవిరికి ఉష్ణం దూకడమే పెద్ద ఇర్రివర్సిబుల్ అడుగు. చిమ్నీ గుండా పోయే పొగ కొంత తీసుకుపోతుంది, పంపులూ ఫ్యాన్లూ కరెంటు తింటాయి. చెల్పూరులోని 500, 600 మెగావాట్ల యూనిట్లలో పెద్దదాన్ని తీసుకో. 37 శాతం అనుకుంటే 600 మెగావాట్ల కరెంటుకు బొగ్గు నుంచి 1620 మెగావాట్ల ఉష్ణం కావాలి. వెయ్యికి పైగా మెగావాట్లు బయటికే. అందులో ఎక్కువ భాగం కండెన్సర్ నీళ్లలోకి, అక్కడి నుంచి కూలింగ్ టవర్ గుండా ఆకాశంలోకి. కండెన్సర్ తీసేసి ఆ ఉష్ణాన్ని కూడా వాడుకోవచ్చు కదా అని అనిపిస్తుంది. చల్లటి కొస లేకుండా చక్రం తిరగదు, రెండో నియమానికి కెల్విన్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన రూపం చెప్పేది అదే.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఫ్రెంచ్ ఇంజనీర్ కార్నో ఈ హద్దును 1824లో, 28 ఏళ్ల వయసులో చెప్పాడు. అప్పటికి మొదటి నియమం లేదు. ఉష్ణం నశించని ఒక ద్రవం లాంటిదని నమ్ముతూనే సరైన ఫలితానికి చేరాడు. 1840లలో జౌల్ ప్రయోగాలు వచ్చాక, 1850లో జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్ రెండింటినీ పొసిగేలా చేశాడు, ఎంట్రోపీ అనే పేరు 1865లో పెట్టాడు. ఉష్ణోగ్రత అనే భావనకు పునాది అయిన సున్నా నియమానికి ఆ పేరు వచ్చింది 1930లలో. సిలబస్‌లో సున్నా, ఒకటి, రెండు, మూడు అని వరుసగా ఉన్నంత మాత్రాన ఒకటి అర్థమైతేనే రెండోది అర్థమవుతుందని భయపడక్కర్లేదు. మూడో నియమం నీ పేపర్‌కు చిన్న ప్రశ్న వరకే: పరిపూర్ణ స్ఫటికపు ఎంట్రోపీ పరమశూన్యం దగ్గర సున్నాకు చేరుతుంది, పరిమితమైన అడుగుల్లో పరమశూన్యాన్ని అందుకోలేం. అది చాలు.

కుండ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. అడిగిన అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పు. క్లాసియస్ చెప్పిన రెండో నియమాన్ని చాలామంది 'ఉష్ణం చల్లటి వస్తువు నుంచి వేడి వస్తువుకు పోదు' అని సగమే నేర్చుకుంటారు. 'వేరే ఏ మార్పూ మిగలకుండా' అనే షరతే అందులో ప్రాణం. ఫ్రిజ్‌లో మిగిలే మార్పు కరెంటు ఖర్చు. కుండలో మిగిలే మార్పు, తగ్గిన నీళ్లు. పది లీటర్ల కుండ చెమ్మగిల్లి వంద గ్రాముల నీరు ఆవిరైందనుకో. ఆ ఉష్ణోగ్రతల దగ్గర గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 2430 జౌళ్లు కావాలి, అంటే మొత్తం 243 కిలోజౌళ్లు. అదంతా మిగిలిన నీటి నుంచే పోతే పది కిలోల నీరు దాదాపు 5.8 డిగ్రీలు చల్లబడుతుంది. నిజానికి బయటి గాలి నుంచి కొంత ఉష్ణం లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి అంతకన్నా కాస్త తక్కువే. కుండలో మిగిలిన నీటి ఎంట్రోపీ తగ్గింది, నిజమే. కానీ ద్రవంగా ఉన్న వంద గ్రాములు ఆవిరై, పొడి గాలిలో కలిసి చెదిరిపోయాయి. అక్కడ పెరిగిన ఎంట్రోపీ ఇక్కడ తగ్గినదానికన్నా ఎక్కువ. వ్యవస్థ అంటే కుండలోని నీళ్లు మాత్రమే అనుకుంటే తగ్గుదలే కనిపిస్తుంది. గాలినీ ఆవిరినీ కలిపి గీత గీస్తేనే రెండో నియమం చెప్పే మొత్తం కనిపిస్తుంది.

ఈ వివరణ సరైనదో కాదో తేల్చడానికి వాన కాలమే సాక్షి. మే నెలలో 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉంటే కుండ నీళ్లు దిగగలిగే హద్దు దాదాపు 23–24 డిగ్రీలు. ముసురు పట్టిన రోజున 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే ఆ హద్దు 29 దగ్గరే ఆగిపోతుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఆవిరి చెదరడానికి చోటు తక్కువ, ఎంట్రోపీ పెరిగే అవకాశం తక్కువ, చల్లదనమూ తక్కువ. ఎయిర్ కూలర్ వానల్లో ఉక్కపోతను పెంచుతుందే తప్ప చల్లబరచదని హాస్టల్లో అందరికీ తెలిసిందే, కారణం ఇదే.

ఇప్పుడు పరీక్ష సంగతి. రీవాల్యుయేషన్ పెట్టాలనుకుంటే, నువ్వు పంపిన లెక్క మీద ఆశ పెట్టుకోకు. అక్కడ సున్నా న్యాయమే. కార్నో లెక్క కూడా పరీక్షలో సెల్సియస్‌తో చేసి ఉంటే అక్కడా అంతే. థియరీ జవాబులు పూర్తిగా రాశానన్న ధైర్యం ఉంటేనే నాలుగు మార్కులు కలిసే వీలుంది. పెట్టినా, ఫలితం వచ్చేదాకా సప్లిమెంటరీ ఫీజు కట్టకుండా కూర్చోకు. గడువు దాటితే రెండూ పోతాయి.

ఇప్పుడే రాస్తే నష్టం ఏమిటంటే, రెగ్యులర్ పేపర్ల నుంచి రోజుకు గంటన్నర పోతుంది. లాభం, నువ్వు ఈ లెక్కల్లో తాజాగా ఉన్నావు, పైగా పోయింది నాలుగు మార్కులతోనే. వచ్చేసారికి ఆపితే ఇప్పుడు ఊపిరి ఆడుతుంది, కానీ అప్పటికి ఆఖరి సంవత్సరం పేపర్లూ, పీజీ ఎంట్రన్స్ చదువూ దీనికి తోడవుతాయి. రెగ్యులర్ పేపర్లలో ఏదైనా ఇంతకన్నా అధ్వాన్నంగా ఉంటేనే ఆపడంలో అర్థం ఉంది. లేకపోతే ఇప్పుడే నయమని నా అభిప్రాయం. ఏ పేపర్ ఎలా ఉందో నీకే తెలియాలి. పోయినేడాది ప్రశ్నపత్రం తీసుకుని, పుస్తకం మూసి, ఒక్కో రెగ్యులర్ పేపర్‌కు ఎన్ని ప్రశ్నలు రాయగలవో ఒక ఆదివారం కూర్చుని చూడు, తేలిపోతుంది.

నలభై రోజుల్లో ఎలా చదవాలన్నదానికి రెండు దారులు ఉన్నాయి. తెలుగు అకాడమీ పుస్తకంలో విషయం ముందు అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీష్‌లో రాయడం మొదటిది. మొదటి పది రోజులు ఏమీ ముందుకు కదలనట్టే ఉంటుంది, కానీ నీ ఉత్తరంలో ఉన్న లాంటి పొరపాట్లు పోతాయి. నేరుగా ఇంగ్లీష్ నోట్స్ బట్టీ పట్టడం రెండోది. థియరీ మార్కులు త్వరగా చేతికొస్తాయి, లెక్కల దగ్గర మళ్లీ ఇదే గోడకు తల కొట్టుకుంటావు. పాస్ మాత్రమే కావాలంటే రెండోది కూడా గట్టెక్కిస్తుంది. ఎమ్మెస్సీ ఆలోచన ఉంటే మొదటిదే. ఏ దారైనా రోజుకు రెండు లెక్కలు చెయ్యి, ఫార్ములా రాసే ముందు నాలుగు సంగతులు కాగితం మీద పెట్టు: గీత దేని చుట్టూ గీశాను, ఉష్ణం దాటుతుందా, పని దాటుతుందా, ప్రక్రియ రివర్సిబులా కాదా. నీ పాత్ర లెక్కలో ఈ నాలుగూ రాసి ఉంటే 227 అనే అంకె పుట్టేదే కాదు. యూనిట్లలో లీటర్–అట్మాస్ఫియర్ వస్తే ఒక్కోటి 101.3 జౌళ్లు, కెలోరీ వస్తే 4.186. ఆర్‌ని 8.314గా వాడుతున్నప్పుడు పీడనం పాస్కళ్లలో, ఘనపరిమాణం ఘనపు మీటర్లలో ఉండాల్సిందే.

మీ అన్న చెప్పింది చెడ్డ మాట కాదు. మ్యాథ్స్ టీచర్ ఉద్యోగం మంచి ఉద్యోగం, నీకు లెక్కలు ఇష్టమైతే ఆ దారి తెరిచే ఉంది. కాకపోతే బీఈడీకి డిగ్రీ పాస్ కావాలి, డిగ్రీ పాస్ కావాలంటే ఈ పేపర్ దాటాలి. ఫిజిక్స్ వదిలేయడం వల్ల ఈ పేపర్ తప్పదు. కాబట్టి ఆ నిర్ణయానికి ఇప్పుడు తొందర లేదు, పేపర్ అయ్యాక తీరికగా తీసుకో. అటువైపు ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు వెళ్తే ఇదే ఎంట్రోపీ స్టాటిస్టికల్ మెకానిక్స్‌లో మళ్లీ ఎదురవుతుంది, ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికి పెట్టే జామ్ పరీక్షలో కైనెటిక్ థియరీతో కలిసి ఒక భాగంగా ఉంటుంది. అది వింటే నీకు భయం వేస్తుందా, చూడాలనిపిస్తుందా అన్నది ఒక సూచన. కుండ ప్రశ్న విని నాలుగు పేజీల ఉత్తరం రాసిన మనిషివి, ఫిజిక్స్ నీకు సరిపడదని నేనైతే అనలేను.

బాపుకు ఫలితం కాగితం చూసి తెలియడం కన్నా నీ నోట తెలియడం మంచిది. ఫీజుకు డబ్బులు అడగాల్సి వస్తుంది కూడా. ఇప్పుడు చెబితే ఒక రోజు కోపం ఉండొచ్చు. దాచి, అన్న నోట తెలిస్తే ఫెయిలైనందుకు కాక దాచినందుకు మాట పడాల్సి వస్తుంది. చెప్పేటప్పుడు ఎన్ని మార్కులతో పోయిందో, మళ్లీ ఎప్పుడు రాస్తున్నావో, ఎంత ఖర్చో మూడూ కలిపి చెప్పు. అన్న పక్కన ఉన్నప్పుడు చెబితే మాట బీఈడీ వైపు మళ్లుతుంది, కాబట్టి విడిగా చెప్పడమే సులువు.

ఫీజు కట్టడానికి కాలేజీకి వెళ్లిన రోజే ఫిజిక్స్ సార్‌ని కలువు. ఇంగ్లీష్ రాదని వెనక్కి తగ్గకు, తెలుగులోనే అడుగు. 'ఏమీ అర్థం కాలేదు సార్' అంటే ఎవరైనా మొదటి పేజీ నుంచి చదవమనే చెబుతారు. దానికి బదులు నీ పాత్ర లెక్కను ఈ రెండు రకాలుగా చేసి, 227 దగ్గర ఎక్కడ తప్పిందో నువ్వే రాసి, ఆ కాగితం చూపించి 'ఇలా రాస్తే మార్కులు వేస్తారా సార్' అని అడుగు. దాంతోపాటు, డబ్ల్యూ గుర్తు ఏదో మొదటి లైన్‌లో చెప్పి కెమిస్ట్రీ పద్ధతిలో రాస్తే ఒప్పుకుంటారా అన్నది కూడా తేల్చుకుని రా.